వెనక్కి పిలవలేదు

“ఈ పేటలో బతకడం ఎలా ఉంటుందో చెప్పండి సుగుణమ్మగారూ. మీకు ఎలా తోస్తే అలా చెప్పండి. నేను మధ్యలో అడ్డురాను.”

ఆయ్, చెప్తానమ్మా శిరీషా. ఆ ఫోను అంత దూరాన పెట్టావు, నా మాట వినపడుద్దా దానికి? వినపడుద్దిలే, నాకు చెవులు మందమయ్యి గట్టిగానే మాట్లాడతాను కదా. ముందు ఆ టీ తాగు. అల్లం ఎక్కువైతే చెప్పు. మా ఎస్తేరు ఎప్పుడూ అంటాది, అమ్మా నువ్వు టీ కాయవు, కషాయం కాస్తావని. సస్కటూన్‌లో చదువుకునేటప్పుడు ఇలాంటి టీ దొరికిందా నీకు? లేదు కదా. మరే.

లైబ్రరీవాళ్ళు పెద్దవాళ్ళందర్నీ అడిగి రాసుకుంటున్నారన్నావు. మంచిపనే. నేనేం చెప్పాలో నాకు తెలీదు గానీ, నువ్వు అడిగినందుకు చెప్తాను. ఇంకో సంగతి కూడా ఉంది. అదిగో, కిటికీలోంచి చూడు, ఆ నీలం ఇల్లు. వరండాలో అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి చూశావా. జీన్ గారిల్లు అది. శనివారం వెళ్ళిపోతున్నారు ఆవిడ, ఎక్కడో అంత దూరాన కాల్గరీలో చెల్లెలి దగ్గరికి. ఇవాళ గురువారం. ఆవిడ వెళ్ళేలోపల నేనొక మాట చెప్పాలి ఆవిడకి. ఐదు నెలల నుంచి చెప్పలేకపోతున్నాను. నువ్వడిగింది పేట గురించే గానీ, పేట గురించి చెప్పాలంటే ఆ మాట దగ్గరికే వచ్చి పడతాను, నాకు తెలుసు.

సరే, మొదట్నించీ చెప్తాను. ఈ పేటంటే ఎంతమ్మా, పదిహేడిళ్ళు. ఇటు చివర ఆ ఉత్తరాల పెట్టెలు, అటు చివర సముద్రం. ఉత్తరాలు ఇంటికి రావు ఇక్కడ. అందరివీ ఒకే ఇనప బీరువాలో పడతాయి, ఎవరి అర వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. ఆ బీరువా దగ్గరే మనిషికి మనిషి తగిలేది. మేం అంతకుముందు స్కార్‌బరో అని పెద్ద పట్నంలో ఉండేవాళ్ళం, పదకొండో అంతస్తులో. కాదు కాదు, మొదట పద్నాలుగు, తరవాత పదకొండు. అక్కడైతే లిఫ్టు ఎక్కితే చాలు, ఇద్దరు తెలుగువాళ్ళు, ఒక తమిళావిడ, ఒక గుజరాతీ ఆవిడ. కిందకి దిగితే కరివేపాకు, గోంగూర, లేత బెండకాయలు. ఎస్తేరు బస్సెక్కి, రైలెక్కి, మళ్ళీ బస్సెక్కి ఆస్పత్రికి పోయేది, మనిషి నలిగిపోయేది. తరవాత ఇక్కడ హాలిఫాక్స్ ఆస్పత్రిలో ఉద్యోగం అప్లై చేసింది, వచ్చింది. నన్నడిగింది, అమ్మా సముద్రం పక్కన ఇల్లు, వస్తావా అని. నేను సముద్రం పక్కన పుట్టినదాన్నే కదా, నర్సాపురం దిగువన. సరే పదమన్నాను.

వచ్చి చూస్తే ఏవుంది, వాసన ఒక్కటే మనది. మిగతాదంతా వేరు. ఈ సముద్రంలో కాలు పెట్టామంటే ఎముక దాకా పట్టేస్తాది చలి. కిటికీ అద్దాల మీద ఉప్పు పేరుకుంటాది, వారానికోసారి తుడవాలి. గాలి వస్తే కరెంటు పోద్ది, అంచేత అందరిళ్ళలోనూ పొయ్యిలోకి కట్టెలుంటాయి. చెత్తసంచీ ముందురోజే బయట పెట్టామా, తెల్లారేటప్పటికి సముద్రపు కొంగలు చీల్చి వీధంతా పోస్తాయి. ఇంక పొగమంచు. మన ధనుర్మాసం మంచు కాదమ్మా ఇది, ఎండెక్కినా పోదు. ఒక్కోరోజు పొద్దున్న లేచి చూస్తే ఎదురిల్లు ఉండదు. దూరంగా బూర మోగుతూ ఉంటాది, పడవలవాళ్ళకి. మొదట్లో ఆ బూర వింటే నాకు గుండె దడ వచ్చేది. ఇప్పుడు మోగకపోతేనే తోచదు.

మనుషులా? మంచివాళ్ళమ్మా. అబద్ధం చెప్పకూడదు. కారులో వెళ్తూ స్టీరింగు మీంచి రెండు వేళ్ళు లేపుతారు, అదే పలకరింపు. ఎండుంటే ఎండ బాగుందంటారు, గాలుంటే గాలి జోరుగా ఉందంటారు. అంతే. లోపలికి రారు. మనం రమ్మన్నా గడప దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్ళిపోతారు. మా ఊళ్ళో అయితే తలుపు తీసుంటే చాలు, తిన్నగా వంటింట్లోకొచ్చి మూత తీసి చూసేవారు, ఇవాళేం కూర సుగుణా అని. ఇక్కడ నేనొచ్చిన ఏడాదిలో మా పెరట్లోకి చొరవగా వచ్చిన మనిషి ఒక్కడు. గోర్డన్ గారు. జీన్ గారి భర్త.

ఆయన ఎలా వచ్చాడో చెప్తాను విను, నవ్వుతావు. ఇక్కడ వేసవిలో మాకెరెల్ అని పడతాయి, మన కానాగడతలే. మా ఊళ్ళో బుట్ట రూపాయికి వచ్చేవి, తినలేక ఎండబెట్టేవాళ్ళం. ఇక్కడ రేవులో ఎవరో పట్టుకుంటూ మా అల్లుడికి ఊరికే ఓ బకెట్టు ఇచ్చారు. అతను కంప్యూటర్ మనిషి, ఇంట్లోంచే పని చేస్తాడు, ఆ వాసన పడదు. నేనేం చేశాను, ఉప్పేసి, పెరట్లో బట్టలారేసే తీగ మీద గుచ్చి ఎండేశాను. ఇంక చూడు, ఊళ్ళో కొంగలన్నీ మా ఇంటి మీదే. చివరింటాయన, కొత్తగా వచ్చాడు, మా తలుపుకి చీటీ అంటించాడు, వాసన భరించలేకపోతున్నాం అని. ఎస్తేరు తల పట్టుకుంది. నాకు సిగ్గేసింది, అన్నీ తీసేద్దామనుకుంటున్నాను, ఇంతలో గోర్డన్ గారు భుజాన పాత వలేసుకుని వచ్చాడు. నన్నేం అడగలేదు. తీగ మీద వల కప్పి, నాలుగు మూలలా రాళ్ళు కట్టాడు. కట్టి, ఒక చేప తీసి వాసన చూసి, కళ్ళు మూసుకున్నాడు. ఏదో చెప్పాడు. ఎస్తేరు చెప్పింది తరవాత, వాళ్ళమ్మ కూడా ఇదే ఒడ్డున చేపలు ఎండేసేదంట, ఈ వీధంతా ఎండుచేపల పందిళ్ళే ఉండేవంట. చివరింటాయనకి ఆయనే ఏం చెప్పుకున్నాడో, మళ్ళీ చీటీ రాలేదు.

అప్పట్నించీ ఆయన రోజూ నడకకి వెళ్తూ మా గుమ్మంలో ఆగేవాడు. ఆయనకి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు నాలుగు ముక్కలు. ఆయన పోటూ పాటూ గురించి చెప్పేవాడు, చేత్తో చూపించేవాడు, నీళ్ళు ఇంత దాకా వస్తాయి ఇవాళ, అని. నేను మా గోదారి గురించి చెప్పేదాన్ని తెలుగులోనే. ఇద్దరం తలలూపుకునేవాళ్ళం. ఏం అర్థమైందని అడుగుతావేమో, అన్నీ అర్థమయ్యాయమ్మా. నలభై ఏళ్ళు ఫెర్రీ మీద పనిచేశాడు, ఇటునించి అటు, అటునించి ఇటు, తాడు కట్టడం, తాడు విప్పడం. మొదటి శీతాకాలం మా ఇంటి ముందు మంచు మేం లేచేసరికే తీసేసి ఉండేది. ఎవరు తీశారో నెల్లాళ్ళకి తెలిసింది మాకు.

తరవాత, ఏడాది దాటిందేమో, ఆయన మారిపోవడం మొదలెట్టాడు. ఒకరోజు నన్ను చూసి కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఒకరోజు మా పెరట్లోకొచ్చి మా తీగకి తాడు కట్టి, ముడి వేసి, ముడి విప్పి, మళ్ళీ వేస్తున్నాడు. జీన్ గారొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఆవిడ ఎవరికీ ఏం చెప్పలేదు చాలాకాలం. ఇక్కడ ఎవరి కష్టం వాళ్ళ తలుపు వెనకాలే. కిందటేడు వేసవి చివర్లో అనుకుంటాను, ఉత్తరాల పెట్టెల దగ్గర నేనూ ఎస్తేరూ తగిలితే ఆపి చెప్పింది ఆవిడ. గోర్డన్‌కి మతి నిలవట్లేదు, ఒంటరిగా బయటికి వెళ్ళిపోతున్నాడు. మీకెప్పుడన్నా ఒంటరిగా కనిపిస్తే ఒక్క ఉపకారం చెయ్యండి, ఎక్కడికి వెళ్తున్నావని అడగండి. అడిగితే చాలు. ఆగిపోతాడు. ఎక్కడికో గుర్తురాక అక్కడే నిలబడిపోతాడు. ఈలోపల నేనొచ్చేస్తాను. ఆవిడ వీధిలో అందరికీ అదే చెప్పింది, ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. ఆవిడకి ఎంత చిన్నతనంగా ఉండుంటాదో ఆలోచించు.

ఎస్తేరు నాకు ఇంట్లో నేర్పించింది. వేర్ గోయింగ్, గోర్డన్. వేర్ గోయింగ్. పదిసార్లు చెప్పించింది. చెప్పాను. కానీ నాకు లోపల ఇదిగా ఉంది. నీకు తెలుసు కదమ్మా, మీ ఇళ్ళల్లోనూ అంతే కదా, బయలుదేరిన మనిషిని ఎక్కడికీ అని అడుగుతామా? అడగం. మరీ అడగాల్సొస్తే దూరమా అంటాం. గడప దాటినాక వెనకనించి పిలుస్తామా? పిలవం.

“మా అమ్మ ఇప్పటికీ తిడుతుందండీ.”

తిడుద్ది మరి. మా నాన్న మిషన్ బడిలో పంతులు. ఆదివారం గుళ్ళో వాక్యం చదివేవాడు. శకునాలూ గికునాలూ అంటే మండిపడేవాడు, దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళకి ఇవేంటి అనేవాడు. మా నాయనమ్మ బాప్తిస్మం పుచ్చుకుంది, బొట్టు తీసేసింది, అన్నీ వదిలేసింది గానీ పిల్లి ఎదురొస్తే మాత్రం ఆగి, రెండు నిమిషాలు ప్రార్థన చేసుకుని అప్పుడు వెళ్ళేది. మేమూ అంతే. యేసయ్యని పట్టుకున్నాం, ఇవి వదల్లేదు. నేనైతే ఓ ఈడొచ్చాక వదిలేద్దునేమో. వదలనివ్వలేదు.

మా ఆయన గురించి నీకు చెప్పలేదు కదూ. రత్నం మాస్టారనేవారు. పక్క ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు, సైకిలు మీద వెళ్ళేవాడు. ఎస్తేరుకి మూడేళ్ళు, నాకు ఇరవయ్యెనిమిది. ఓ రోజు పొద్దున్న కేరేజీ మర్చిపోయి బయలుదేరిపోయాడు. వంకాయ కూర వండాను, ఆయనకిష్టం. వీధి మలుపు దాకా వెళ్ళిపోయాడు, నేను గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి, ఏవండీ, ఏవండీ అని కేకేశాను. వెనక్కొచ్చాడు. నవ్వుతూనే వచ్చాడు. వెనక్కి పిలిచావు, కాసిని మంచినీళ్ళియ్యి, మీ అత్తగారు చూస్తే ఊరుకోదు అన్నాడు. అరుగు మీద కూర్చుని నీళ్ళు తాగాడు. పిల్లదాని బుగ్గ గిల్లాడు. వెళ్ళాడు. కాలవ లాకుల దగ్గర లారీ.

ఆ నీళ్ళు తాగిన రెండు నిమిషాలే కదమ్మా. పిలవకపోతే ఆ రెండు నిమిషాలు ముందే లాకులు దాటిపోయేవాడు కదా. పాస్టరుగారొచ్చి ఎంతో చెప్పారు, అలా అనుకోకూడదమ్మా, అది అవిశ్వాసం అని. మా అత్తగారు ఒక్కటే మాటంది. వెనక్కి పిలిచి మరీ పంపించావే అంది. తరవాత నన్ను ఆవిడ బాగానే చూసింది, చెడ్డ మనిషి కాదు. కానీ ఆ మాట ఇంక పోలేదు. అప్పట్నించీ నేను బయలుదేరిన మనిషిని వెనకనించి పిలవలేదు. ఎస్తేరు పరీక్ష హాలు టిక్కెట్టు ఇంట్లో మర్చిపోయి వెళ్తే, పొలంగట్టు మీద అడ్డంగా పరుగెత్తి, దాని ముందుకెళ్ళి నిలబడి ఇచ్చాను గానీ పిలవలేదు.

ఇప్పుడు నేను చెప్పేది… ఆ ఫోను ఆపనా అని చూస్తున్నావు. ఆపకు. ఉండనీ.

ఆకులు రాలే రోజులు. చెత్తబండి వచ్చే రోజు, వంటింటి చెత్త వేసే ఆకుపచ్చ బిన్ను వీధిలోకి తోసుకెళ్ళాను. పొద్దున్న ఎనిమిదయ్యుంటాది. పొగమంచు ఎలా ఉందంటే మలుపు దాకా కనపడుద్ది, ఆ తరవాత తెల్లగోడే. ఎస్తేరు నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంది, అల్లుడు ఆ వారం పనిమీద ఊరెళ్ళాడు. అడుగుల చప్పుడైంది. చూద్దును కదా, గోర్డన్ గారు. ఒక్కడే. ముదురు నీలం కోటు, ఇత్తడి గుండీలు, ఫెర్రీ మీద పనిచేసినప్పటి కోటన్నమాట, ఎక్కడ దాచుకున్నాడో. బూట్లు మెరుస్తున్నాయి. గడ్డం గీసుకున్నాడు. ఎన్నాళ్ళకో మనిషి నిటారుగా నడుస్తున్నాడు. నన్ను చూసి రెండు వేళ్ళు లేపి గుడ్ మార్నింగ్ అన్నాడు. నేనూ గుడ్ మార్నింగ్ అన్నాను.

అడగాలి కదా. వచ్చిందమ్మా, నాలిక మీద దాకా వచ్చింది. వేర్ గోయింగ్. కానీ ఆ మొహం చూస్తే, పని మీద వెళ్తున్న మగవాడి మొహం. అంత చక్కగా బయలుదేరిన మనిషిని ఎక్కడికీ అని నోరెలా వస్తాది అనిపించింది. అలా అనుకునేలోపే దాటేశాడు. ఇంక వెనకనించి పిలవాలి. బిన్ను పిడి పట్టుకుని నిలబడ్డాను గానీ పిలవలేకపోయాను. ముందుకెళ్ళి నిలబడదామంటే ఈ మోకాళ్ళతో ఎక్కడ పరుగెడతాను. పదడుగులు వేశాడు. ఇరవై. మలుపు దగ్గర ఎడం వైపు, పాత రేవు దారి పట్టాడు, అంతవరకూ చూశాను. తరవాత కోటు కనపడలేదు. బూట్ల చప్పుడు మాత్రం కాసేపు వినపడింది.

అప్పుడైనా వెళ్ళి జీన్ గారి తలుపు కొట్టొచ్చు కదా. మూడిళ్ళ అవతలే కదా. నేనేం చేశానో తెలుసా? లోపలికొచ్చి, చేతులు కడుక్కుని, మోకాళ్ళ మీదుండి ఆయన కోసం ప్రార్థన చేశాను. ప్రభువా, ఆ పెద్దాయన్ని క్షేమంగా ఇంటికి చేర్చు అని. అడగాల్సిన మనిషిని అడక్క దేవుణ్ణి అడిగాను. లేచాక మనసు తేలికైంది కూడా. ఇడ్లీపిండి రుబ్బుకున్నాను.

పదకొండింటికి జీన్ గారు వచ్చి తలుపు బాదింది. ఆవిడ తలస్నానం చేసిన జుట్టు దువ్వుకోనైనా లేదు, కోటు గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకుంది. అప్పటిదాకా పై రోడ్డు వైపంతా వెతికొచ్చిందంట. ఎస్తేరు నిద్రలోంచి లేచొచ్చింది. ఆయన్ని చూశారా అని అడిగింది ఆవిడ. నేను తెలుగులో గబగబా చెప్పాను, చూశానే, వీధిలో బిన్ను పెడుతుంటే నా ముందునించే వెళ్ళాడు, పాత రేవు వైపు, చెప్పు చెప్పు అని. ఎస్తేరు నా మొహం చూసింది ఒక్క క్షణం. చూసి, ఆవిడకి ఇంగ్లీషులో చెప్పింది, అమ్మ వంటింటి కిటికీలోంచి చూసిందంట, రేవు వైపు వెళ్ళాడంట అని. కిటికీ. విండో. ఆ మాత్రం ఇంగ్లీషు నాకొచ్చు. నేను నోరెత్తలేదు. ఒక్కరోజులో రెండుసార్లు నోరు మూసుకున్నాను నేను.

దాన్ని తప్పు పట్టకు. దానికి నేను తప్ప ఎవరున్నారు చిన్నప్పట్నించీ. నామీదకి మాట రాకూడదనుకుంది, అంతే.

ఈ పేట ఎలా ఉంటాదని కదా అడిగావు. ఆ రోజు చూడాలి. పదిహేడిళ్ళ వాళ్ళూ బయటికొచ్చారు. పేరు తెలీని వాళ్ళు, ముఖం చూడని వాళ్ళు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. చేతికి చెయ్యి అందేంత దూరంలో వరసగా నిలబడి, ఒడ్డంతా అడుగడుగూ చూసుకుంటూ వెళ్ళారు. మా వాసన భరించలేనన్న ఆయన లేడూ, ఆయన మోకాలి లోతు నీళ్ళలో దిగి రాళ్ళ సందులన్నీ చూశాడు. అతనికే దొరికాడు గోర్డన్ గారు. మూడు గంటలప్పుడు, పాత రేవు కింద, రెండు రాళ్ళ మధ్య. తుంటి విరిగింది. ఒళ్ళంతా తడిసిపోయి నీలంగా అయిపోయాడంట. ప్రాణం ఉంది. నేను రేవు వైపని చెప్పబట్టే అక్కడ వెతికారని అందరూ అన్నారు.

తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తులకి పట్టేసింది. పోయాడు.

భూస్థాపనకి వెళ్ళాను. ఆ తెల్ల గుడి లేదూ కొండమీద, అక్కడ. కింద హాల్లో టీ, రొట్టెలు పెట్టారు. జీన్ గారు అందర్నీ దాటుకుని నా దగ్గరికొచ్చి కావలించుకుంది. ఎస్తేరు పక్కనుండి చెప్తోంది నాకు. ఏమందంటే, నువ్వు చూడబట్టే చీకటి పడకముందు దొరికాడు, నా చేతిలో చెయ్యి పెట్టుకుని పోయాడు, ఆ తొమ్మిది రోజులూ నువ్విచ్చినవే అంది. నాకు ఆ నేల చీలి లోపలికి పోతే బాగుణ్ణు అనిపించింది.

అప్పట్నించీ వారం వారం ఏదో ఒకటి తెచ్చిస్తాది. అదిగో ఆ షెల్ఫు మీద జాము సీసాలు, ఎరుపువి, ఆవిడ చేసినవే. ఒక్కదాని మూత తియ్యలేదు నేను. ఎలా తింటానమ్మా. రాత్రి పడుకుంటే ఒకటే లెక్క తిరుగుద్ది బుర్రలో. పిలిచినందుకు ఒకాయన పోయాడు. పిలవనందుకు ఒకాయన పోయాడు. పాస్టరుగారు అప్పుడు చెప్పింది ఇప్పుడు బోధపడింది నాకు. మా ఆయన లారీ కింద పడింది నా కేక వల్ల కాదు. ఎవరి కేక వల్లా కాదు. అది తెలుసుకోవడానికి ఇంకొకరి మొగుణ్ణి పోగొట్టాను.

“అలా అనకండి…”

అననీ అమ్మా. ఎవరితోనూ అనలేదిలా.

మొన్న ఆదివారం సాయంత్రం ఆవిడొచ్చింది, ఇల్లు అమ్ముడైపోయిందని చెప్పడానికి. ఎప్పుడూ గడప దగ్గరే కదా, ఆ రోజు లోపలికొచ్చి, నువ్వు కూర్చున్నావే, ఆ కుర్చీలోనే కూర్చుంది. కూర్చుని ఏడ్చింది. నాదే తప్పు అంది. పది నిమిషాలు స్నానానికెళ్ళాను, తలుపు గడియ పెట్టడం మర్చిపోయాను, ఆ పది నిమిషాలకే చంపుకున్నాను అంది. వీధిలో ఒక్క మనిషి తగిలి ఎక్కడికీ అని అడిగుంటే ఆగిపోయేవాడు, అందరికీ చెప్పిపెట్టాను కూడా, పాపం ఆ పొద్దున్న పొగమంచు, వీధిలో ఎవరూ లేకపోయారు, నా ఖర్మ అంది. ఎస్తేరు తల వంచుకుని అంతా నాకు తెలుగులో చెప్పింది. ఎవరూ లేకపోయారు అన్న ముక్క దగ్గర దాని గొంతు తగ్గిపోయింది.

ఎవరూ లేకపోవడమేంటమ్మా? నేనున్నాను కదా. ఆవిడ చెయ్యాల్సిందంతా చేసింది. ఇంటింటికీ తిరిగి, సిగ్గు విడిచి చెప్పుకుంది. నేను విన్నాను, సరేనన్నాను, పదిసార్లు వల్లించుకున్నాను. ఆ తప్పు నాది. అది నెత్తినెట్టుకుని ఆవిడ కాల్గరీ దాకా ఎందుకు మోసుకెళ్ళాలి?

ఆవిడెళ్ళాక ఎస్తేరుతో అన్నాను, రేపు పొద్దున్న వెళ్దాం, నువ్వు చెప్పు అని. వద్దంటాది, అల్లుడూ దాని మాటే. అమ్మా, నీ మనసు తేలిక చేసుకోడానికి ఆవిడ మనసు కష్టపెడతావా, ప్రశాంతంగా వెళ్ళనీ అంటాది. అది కూడా నిజమేనేమో. నాలుగు రోజులు ఆలోచించాను. ఆవిడ ప్రశాంతంగా వెళ్తోందా? నన్ను మంచిదాన్ని చేసి, తనని తాను దోషిని చేసుకుని వెళ్తోంది. నేనూ మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్నే. నీ వల్లే అన్న మాట ఎలా ఉంటాదో నాకు తెలుసు. నాకు ఎవరో అన్నారు. ఆవిడకి ఆవిడే అనుకుంటోంది, అది ఇంకా అన్యాయం.

శిరీషా, ఇంక అసలు సంగతి అడుగుతాను. నువ్వు నాతో వస్తావా? ఎస్తేరు డ్యూటీ నించి వచ్చేసరికి నాలుగవుద్ది. ఇప్పుడే వెళ్ళొచ్చేద్దాం. నేను తెలుగులో చెప్తాను, నువ్వు ఇంగ్లీషులో చెప్పు. బాగుండదని ఒక్క ముక్క కూడా తగ్గించొద్దు. వీధిలో ఉంది అని చెప్పు. ఎదురుగానే వెళ్ళాడని చెప్పు. అడగలేదని చెప్పు. ఎందుకు అడగలేదో మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు, అది సాకు అవుద్ది. ఆవిడ అడిగితే అప్పుడు చెప్దాం. కోప్పడితే కోప్పడనీ, తలుపేసేస్తే వేసెయ్యనీ. ఆ జాములన్నీ తిరిగి తీసుకుంటానన్నా ఇచ్చేద్దాం. తప్పు ఆవిడది కాదన్న ఒక్క మాట చెవిన పడాలి, అంతే నాకు కావల్సింది.

“వస్తాను అమ్మమ్మగారూ. ఉన్నదున్నట్టే చెప్తాను.”

నీ తల్లి కడుపు చల్లగా ఉండాలి. నీకు పుట్టబోయే పిల్లలు నీలాగే ఉండాలి. నేనేం ఇవ్వగలను నీకు, ముసలిదాన్ని. ఒక్కటే దీవిస్తాను, నీ నోటి దాకా వచ్చిన మంచిమాట ఏనాడూ వెనక్కి పోకూడదు తల్లీ.

ఇంక ఆపు దాన్ని. ఆ పచ్చ శాలువా ఇలా అందుకో. చెయ్యి పట్టుకో, మెట్ల మీద మంచు గడ్డకట్టింది, ఇద్దరం కలిసి పడ్డామంటే అదొకటి. ఆవిడ ఇంట్లోనే ఉంది, వంటింట్లో తిరుగుతోంది చూడు. బెల్లు నువ్వు కొట్టకు. నేనే కొడతాను.